యాంప్ ఎర్త్: డిక్కీలో బాడీకా, బ్యాటరీ దాకానా?

చిత్తూరు_హ్యాచ్: చిన్న హ్యాచ్‌బ్యాక్. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇచ్చే పవర్) క్లాస్-డి మోనో యాంప్ (యాంప్లిఫయర్), 12 అంగుళాల సబ్ (బేస్ స్పీకర్). ఎర్త్ వైరు (యాంప్ నెగటివ్) బ్యాటరీ దాకా లాగాలని ఒక షాపులో, డిక్కీలో బాడీ రేకుకు బోల్టుతో బిగిస్తే చాలని ఇంకో షాపులో అంటున్నారు. ఏది సరి?

బేస్_సామి: బ్యాటరీ దాకానే అన్నా. బాడీ అంటే స్పాట్ వెల్డింగులు, సీలెంట్, పెయింటు. తుప్పు పడితే ఏం చేస్తారు?

మల్టీమీటర్_రేణిగుంట: లెక్క చూడు సామీ. 80 శాతం ఎఫిషియెన్సీతో 500 వాట్లు ఇచ్చే యాంప్ 13.8 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు లాగుతుంది. 4 గేజ్ అంటే 21 చదరపు మిల్లీమీటర్ల రాగి; 5 మీటర్లలో 0.18 వోల్టు పోతుంది. నెగటివ్ కూడా అంత పొడవే లాగితే ఇంకో 0.18. పైగా స్టీరియో ఎర్త్ బాడీ మీదే ఉంటుంది కదా, యాంప్ ఎర్త్ దానికంటే పైకి లేస్తుంది. ఆ తేడా ఆర్‌సీఏ (స్టీరియో నుంచి యాంప్‌కు పాట తెచ్చే వైరు) షీల్డు గుండా పారితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో కూత వస్తుంది. కూత రాకూడదనే చాలామంది బ్యాటరీ దాకా వైరు లాగుతారు; అంటే అదే కూతను కొని తెచ్చుకున్నట్టు.

చెడేది రేకు కాదు, బిగింపు. పెయింటు మెరిసే లోహం కనబడేదాకా గీకాలి. వైరు కొసకు క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) రింగ్ టెర్మినల్, స్టార్ వాషర్ (పళ్లున్న వాషర్), 8 ఎంఎం బోల్టు, నట్టు. పైన తుప్పు పట్టకుండా పెయింటు. వైరు 45 సెంటీమీటర్లు దాటొద్దు. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ వద్దు, పలచని రేకులో రెండు మర పళ్లే పడతాయి. సీటు బెల్టు బోల్టు జోలికి అసలు పోవద్దు.

బేస్_సామి: మరి పికప్ బండ్లలో? బాడీ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కదా.

మల్టీమీటర్_రేణిగుంట: అక్కడ నీ మాటే నిజం. ఫ్రేముకు, బాడీకి మధ్య 4 గేజ్ పట్టీ వేయాలి. హ్యాచ్‌బ్యాక్‌కు ఆ బాధ లేదు.

అలిపిరి_ఆడియో: కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద కరెంటు కొలిచే సెన్సార్ ఉంటే దాన్ని తప్పించి ఎర్త్ వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (టెర్మినల్‌కు) తగిలించకండి, ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. ఇంకొకటి, కిట్ మీద 4 గేజ్ అని ఉన్నా లోపల రాగి పూత అల్యూమినియమే ఉండొచ్చు. గీకితే తెల్లగా కనిపిస్తుంది. డిక్కీలో సామాను యాంప్ మీద పడకుండా చూడండి, మే నెల ఎండకు అసలే కాగిపోతుంది.

చిత్తూరు_హ్యాచ్: సరే, బాడీకే. ఫ్యూజ్ ఎంత? బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

మల్టీమీటర్_రేణిగుంట: 60 ఆంపియర్లు, బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపల. అది వైరును కాపాడేది, యాంప్‌ను కాదు. వైరు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, లోపలికి మధ్య రేకు గోడ) దాటేచోట రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకోకుండా వేసే రింగు). ఆర్‌సీఏ వైరు కారు రెండో వైపు నుంచి. పరీక్షకు ఇంజిన్ ఆన్‌లో పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ గట్టిగా వాయించి, యాంప్ నెగటివ్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య డీసీ వోల్టులు చూడు. 0.1 లోపలైతే వదిలెయ్. దాటితే ముందు బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే కంపెనీ పట్టీ మార్చి మళ్లీ కొలువు.