సమస్య: "ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె"

నిర్వాహకుడు, నల్లగొండ

సమస్య అంటే ముందుగా ఇచ్చే పాదం; మిగతా పాదాలు మీరు రాసి పద్యం పూర్తిచేస్తే అది పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె

ఒడయుడంటే ప్రభువు. పాదంలోని గణాలు, అంటే గురులఘువుల గుంపులు, అయిదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు యతి; ఇక్కడ ఓకారానికి ఒకారంతో స్వరయతి కుదిరింది. విషయం మీ ఇష్టానికి వదలడం లేదు: అధికారం, నాయకత్వం, వాటి చుట్టూ తిరిగే మనిషి బుద్ధి. అరసున్నలు పెట్టకపోయినా సర్దుకుంటాను, గణం తప్పితే ఊరుకోను. ఇప్పుడు పదవిలో ఉన్నవారిని పొగడవద్దు, తిట్టవద్దు. కొడంగల్‌లో 2018లో ఓడిన అభ్యర్థి 2023లో ముఖ్యమంత్రి అయిన సంగతి ఊరూరా తెలుసు. దాన్నే నాలుగు పాదాలకు సరిపెట్టి పంపితే పత్రికావార్త అవుతుంది గానీ పూరణ కాదు. ఏమి ఓడాడు, ఎవరికి ఓడాడు? మీ పద్యం దీనికి జవాబు చెప్పాలి.

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల్లో కవులకు లోటు లేదు, సమస్యలకూ లోటు లేదు. "విద్వద్గద్వాల" అన్న పేరు ఊరికే రాలేదు. అయితే సింహాసనం మీద ప్రభువు కూర్చుని ఉండగా ఈ పాదాన్ని సమస్యగా ఇచ్చే పృచ్ఛకుడు ఎవరైనా ఉండేవాడా అని నా అనుమానం. 1949లో జాగీర్లు రద్దయ్యాయి కాబట్టి మనకు ఆ భయం లేదు. కానివ్వండి.

ఆలంపురం పంతులు

మూఁడు లోకములను మోదమ్ముతో నిచ్చి
సుతలమునకుఁ జనిన సుజనుఁ డతఁడు;
వాకిట హరి నిలిచె వారక కాపుగా;
ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె.

నిర్వాహకుడు

మొదటి పూరణలోనే బలిచక్రవర్తి వస్తాడని అనుకున్నాను, వచ్చాడు. మూడో పాదం పద్యానికి ప్రాణం. ఓడించినవాడే వచ్చి ఓడినవాడి గుమ్మం దగ్గర కావలి నిలబడ్డాడంటే, ఇక ఒడయుడెవరో వేరే చెప్పాలా!

"మోదమ్ముతో నిచ్చి" దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. సంతోషంగా ఇస్తే అది దానమవుతుంది, ఓటమి ఎలా అవుతుంది? భాగవత కథలో శుక్రాచార్యుడు ముందే హెచ్చరించాడు: వచ్చినవాడు వటువు కాదు, విష్ణువు; ఇస్తే రాజ్యం పోతుంది అన్నాడు. గురువు శపించినా బలి మాట తప్పలేదు. చివరికి వరుణపాశంతో కట్టుబడ్డాడు కూడా. తెలియక మోసపోయినవాడు కాడు, తెలిసి ఓడినవాడు. ఆ తెలివిడి పద్యంలో ఉండాలి. ఇలా మార్చి చూడండి:

మూఁడు లోకములను ముందెఱిఁగియు నిచ్చి

మూ, ము యతి. "ముందెఱిఁ" భగణం, "గియు నిచ్చి" సలం. గణాలు చెడలేదు, మనిషి మారిపోయాడు.

ఆలంపురం పంతులు

ఒప్పుకున్నాను. యతి కోసం "మోదం" తెచ్చిపెట్టుకున్నాను.

కల్వకుర్తి ఉపాధ్యాయుడు

మా ఊరి పద్యం:

కల్వకుర్తి నాఁడు కాదన్న మనుజుఁడే
యైదు వత్సరముల కరుగుదెంచి
రాజధానియందు రాజ్యముఁ గైకొనె;
ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె.

నిర్వాహకుడు

రెండో పాదంలో ఐకారానికి అకారంతో యతి చక్కగా వేశారు. 1989లో కల్వకుర్తిలో ఎన్టీ రామారావు ఓడిపోవడం, 1994 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి కావడం చరిత్రలో ఉన్నవే. ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు.

అయితే నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇందులో జవాబు ఏదీ? ఓడాడు, తర్వాత గెలిచాడు. మధ్యలో ఏమి జరిగింది? ఆ ఓటమి ఆయనకు ఏమైనా నేర్పిందా, ఓటరుకు ఏమైనా నేర్పిందా? పద్యం నోరు మెదపదు.

గద్వాల వకీలు

నాదీ ఒక అభ్యంతరం. అదే 1989లో ఆయన హిందూపురంలో గెలిచి శాసనసభలో ఉన్నారు. కల్వకుర్తి కాదన్నది ఒక నియోజకవర్గం కాదన్నట్టే గానీ, మనిషి పూర్తిగా ఓడినట్టు కాదు. ఆ లెక్కన రాష్ట్రం మొత్తం మీద ఓడిన సంగతి పద్యంలోకి రావాలి. పైగా 1994లో అంత మెజారిటీతో కూర్చున్న కుర్చీ తొమ్మిది నెలలు తిరగకముందే సొంతవాళ్ళ చేతుల్లోనే పోయింది. కల్వకుర్తి ఓటర్లు ఎదురుగా నిలబడి ఓడించారు. 1995లో జరిగింది ఆ తీరుగా లేదు. పద్యం అక్కడ పుట్టాలి.

కల్వకుర్తి ఉపాధ్యాయుడు

వకీలుగారూ, ఆ పద్యం మీరే రాయండి. మా ఊరికి దక్కిన ఒక్క చరిత్రనూ నాలుగు పాదాల్లో పెట్టుకోనివ్వరా!

దేవరకొండ విద్యార్థి

పద్యం రాయడం నాకు కొత్త. తప్పులుంటే చెప్పండి.

భార్య గెలిచెఁ, బీఠ మెక్కెఁ బెనిమిటియే;
సంతకములు పెట్టు సతియె యైన
మాట చెల్లుబాటు మగనిదే యూరిలో;
ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె.

నిర్వాహకుడు

బాబూ, పురాణాలు పక్కన పెట్టి పంచాయతీ ఆఫీసులోకి వెళ్ళావు, అందుకు ముందుగా మెచ్చుకోవాలి. పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవి. నాలుగు ఊళ్ళు తిరిగితే కనిపించే దృశ్యమే: గోడ మీది బోర్డులో భార్య పేరు, బల్ల వెనక కుర్చీలో భర్త. వచ్చినవాళ్ళు "సర్పంచిగారూ" అని ఆయననే పిలుస్తారు, ఆయన పలుకుతాడు కూడా. సంతకం అవసరమైనప్పుడు కాగితం ఇంటికి వెళ్ళి వస్తుంది.

ఇక తప్పులు. మొదటి పాదంలో యతి లేదు. నాలుగో గణం "మెక్కెఁ బె". "భా"కు "మె"తో మైత్రి కుదరదు. రెండోది ఇంతకంటే పెద్దది: ఆయన ఓడినట్టు పద్యంలో ఎక్కడా లేదు. సమస్యలో "ఓడినట్టివాఁడు" ఉన్నాడు కదా, అతను మొదటి మూడు పాదాల్లో ఓడి తీరాలి. రెండు తప్పులూ ఒక్క దెబ్బతో పోవాలంటే:

తాను మొన్న యోడె, తన యాలు గెలిచెను

మొన్నటి ఎన్నికల్లో తాను ఓడాడు, ఈసారి స్థానం మహిళలకు రాగానే భార్యను నిలబెట్టాడు. రెండు, మూడు పాదాలు ముట్టుకోవద్దు. "మాట చెల్లుబాటు మగనిదే యూరిలో" చాలా కాలం నిలిచే పాదం.

పాలమూరు పాఠకురాలు

పద్యం బాగుంది, నవ్వుకున్నాను కూడా. కానీ అందులో ఆమె సంతకం పెట్టడం తప్ప ఇంకేమీ చేయదు. ఊళ్ళో ఆమెను ఎలా చూస్తున్నారో మీరూ అలాగే చూశారు. ఆమె నోరు తెరిస్తే ఎలా ఉంటుందో ఇదిగో:

"ఓట్లు నాకు వేసి యూరేలు మన్నారు,
కాగితాలు మీరు కదపనేల?"
పతిని నిట్టు లడిగెఁ బదిమంది ముందట,
"ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె?"

నిర్వాహకుడు

అమ్మా, ఒక్క ప్రశ్నార్థకంతో సమస్యను తలకిందులు చేశారు. కాకువుతో, అంటే గొంతు మార్చి ప్రశ్నగా పలికి, పూరించడం పాత పద్ధతే. చాలాసార్లు అది తప్పించుకునే దారి. ఇక్కడ అలా లేదు. సమస్య చెప్పిన మాటనే ఆమె గ్రామసభలో నిలబడి కాదంటోంది. "మీరు" అన్న మర్యాద విడవకుండానే అడగడం ఇంకా బాగుంది. భర్త మొహం ఎలా ఉందో మీరు చెప్పలేదు, చెప్పనక్కరలేదు.

దేవరకొండ విద్యార్థి

సరే మేడం, నా పద్యం పక్కనే మీ పద్యం కూడా ఉంటే బాగుంటుంది.

పానగల్లు విశ్రాంత పండితుడు

కత్తి గెలిచె; మనసు కాళింగ భూమిపై
నెత్తు రేఱుఁ జూచి నీరు గాఁగ
ధర్మలిపులఁ జెక్కె దయకుఁ దా నోడుచు;
ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె.

నిర్వాహకుడు

అయ్యా, "ఎవరికి ఓడాడు" అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇంతవరకు రాలేదు. అశోకుడు దయకు ఓడాడు. గెలిచింది కత్తి, మనిషి కాదు. "మనసు నీరు గాఁగ" అన్నది రెండు పాదాల మీదుగా సాగి వచ్చిన తీరు అనుభవం ఉన్న చేతిది.

గద్వాల వకీలు

పద్యానికి నమస్కారం. అశోకుడి మీద మాత్రం నాకు కొంచెం అనుమానం మిగిలింది. కళింగయుద్ధానికి పశ్చాత్తాపపడుతున్నానని చెప్పింది పదమూడో శిలాశాసనం. తుంగభద్రకు అవతల కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అది ఉంది. కళింగంలోనే ఉన్న ధౌళి, జౌగడలలో లేదు! అక్కడ ఆ శాసనాన్ని వదిలేసి వేరే శాసనాలు చెక్కించారు. దెబ్బ తిన్నవాళ్ళ ఎదుట తప్పు ఒప్పుకోవడానికి చక్రవర్తికి కూడా నోరు రాలేదన్నమాట. అదే శాసనంలో అడవి ప్రజలకు హెచ్చరిక కూడా ఉంది: దేవానాంప్రియుడు (అశోకుడి బిరుదు) పశ్చాత్తాపపడ్డాడు సరే, ఆయన బలం తగ్గిందని అనుకోవద్దు అని.

పానగల్లు విశ్రాంత పండితుడు

వకీలుగారు అడ్డుప్రశ్న బాగానే వేశారు. కళింగులకు ఆ మాట వినిపిస్తే పాత గాయాలు రేగుతాయని కూడా మానేసి ఉండవచ్చు కదా. నాకు దానితో పనిలేదు. గెలిచిన రాజు తన గెలుపులో చచ్చినవారినీ, చెరపట్టినవారినీ లెక్కపెట్టి రాతిమీద చెక్కించడం ఎంత అరుదో చూడండి. లక్షమంది హతులు, లక్షన్నరమంది బందీలు అని తానే చెప్పుకున్నాడు. ఎక్కడ చెక్కించాడన్న సంగతి ఎలా ఉన్నా, ఓడిన మాట దాచుకోలేదు.

నిర్వాహకుడు

ఇద్దరూ నెగ్గారు. పద్యంలో "దయకుఁ దా నోడుచు" దగ్గర "నోడుచు" వర్తమానం. ఓడడం ఇంకా పూర్తికాలేదు. వకీలుగారి అనుమానానికి కూడా అందులోనే చోటుంది.

మునుగోడు రైతుబిడ్డ

నీటికొఱకు నిలిచె నిండుగా నల్గొండ,
ఓటు పత్ర మెల్ల నొక్క పొత్త
మయ్యె; నోడి రెల్ల; మాట ఢిల్లీఁ జేరె;
ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె.

నిర్వాహకుడు

ఇతర జిల్లాల పాఠకుల కోసం చెప్పాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. ఎక్కువమంది ఫ్లోరైడు నీళ్ళతో విసిగిపోయిన పల్లెల రైతులు. వెనక ఉన్నది జలసాధన సమితి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరునీళ్ళు తాగి వంగిపోయిన వెన్నులు, గారపట్టిన పళ్ళు మేము చూస్తూ పెరిగాము. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు హాని చేస్తుందని బడిపిల్లవాడికి కూడా ఇక్కడ తెలుసు. అంతమంది పేర్లు పట్టేలా ఓటుపత్రాన్ని పుస్తకంలా అచ్చువేయవలసి వచ్చింది, పోలింగు వాయిదా పడింది. "పొత్త / మయ్యె" అని మాటను రెండు పాదాలకు విరిచి కట్టడం నాకు నచ్చింది. పత్రం కూడా ఒక పుటలో ఇమడలేదు కదా.

గద్వాల వకీలు

"ఓడి రెల్ల" ఎలా కుదురుతుంది? ఆ 480 మందిలోనే గెలిచిన ధర్మభిక్షంగారూ ఉన్నారు.

నిర్వాహకుడు

న్యాయమైన మాట. ఇలా అంటే?

మయ్యె, రైతు లోడ మాట ఢిల్లీఁ జేరె

ఎవరు ఓడారో తేలింది, వాళ్ళు ఓడితేనే మాట చేరిందన్న కారణం కూడా వచ్చింది. వాళ్ళలో ఎవరూ పదవి కోసం నిలబడలేదు. ఓడిపోవడానికే నిలబడి, ఎంతమంది ఓడితే అంత బలం అనుకున్న అభ్యర్థులు వీళ్ళు. ఈ వారం నా మొగ్గు ఈ పద్యం వైపే.

మునుగోడు రైతుబిడ్డ

సవరణకు కృతజ్ఞతలు. మాట ఢిల్లీ చేరాక ఏమయిందో మరో పద్యంలో:

ఐదువంద లున్న దంతయుఁ బదివేలు
చేసి తలుపు మూసెఁ జెప్పకుండ;
భయము పడిన దెవరు, పదవియా? పేదయా?
ఓడినట్టివాఁడె యొడయుఁ డయ్యె.

నిర్వాహకుడు

అదే ఏడాది ఎన్నికల చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచిన సంగతి ఇది. ఒక్క నల్లగొండ వల్లే పెరగలేదు. తమిళనాడు మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1033 మంది నిలబడ్డదీ ఆ ఏడాదే. "చెప్పకుండ" అనడం మాత్రం చెల్లదు, చట్టం పార్లమెంటులో చెప్పే చేశారు. "జెప్పకుండ" బదులు "జెల్లునంచు" వేసుకోండి, యతి చెడదు. మూడో పాదం జోలికి నేను రాను.

వచ్చే వారం కందం ఇస్తాను. గణాలు ఇప్పటినుంచే సరిచూసుకోండి, ముఖ్యంగా దేవరకొండ బాబు.