కరెంట్ పోయి వస్తే కెమెరా సెట్టింగ్స్ మొదటికి వస్తున్నాయి

ప్రశ్న: జీడిమెట్ల మెయింటెనెన్స్

సిరప్ సీసాల లేబుల్ మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ సరిగా పడ్డాయో లేదో చూసే కెమెరా మాది. 5 మెగాపిక్సెల్, బ్లాక్ అండ్ వైట్, ఈథర్‌నెట్ కేబుల్‌ది. ఎక్స్‌పోజర్ (వెలుతురు తీసుకునే సమయం) 800 మైక్రోసెకన్లు, గెయిన్ (బొమ్మ వెలుగు పెంచేది) 6, ట్రిగర్ (సీసా వచ్చినప్పుడే ఫొటో తీయమనే సిగ్నల్) లైన్ 1 మీద పెట్టి, సేవ్ కొట్టి ఇంటికి పోయాను. రెండు రోజులు ఏ గొడవా లేదు.

నిన్న నైట్ షిఫ్ట్‌లో కరెంట్ పోయింది. పీసీకి యూపీఎస్ ఉంది కానీ కెమెరా 24 వోల్టుల సప్లైకి లేదు. కరెంట్ వచ్చాక చూస్తే ఎక్స్‌పోజర్ 5000, బొమ్మంతా తెల్లగా పాలిపోయింది. ట్రిగర్ ఆఫ్ అయిపోయి, సీసా ఉన్నా లేకపోయినా కెమెరా తన మానాన తాను ఫొటోలు తీస్తూనే ఉంది. రిజెక్ట్ డబ్బా నిండా మంచి సీసాలే. రాత్రి రెండింటికి నాకు ఫోను! నేను సేవ్ చేసిన ఫైలేమో డెస్క్‌టాప్ మీద భద్రంగా ఉంది. మరి ఎందుకిలా?

జవాబు: విజన్ పాతకాపు

తమ్ముడూ, ఫైలు పీసీలో ఉంది. ఆ సంగతి కెమెరాకెలా తెలుస్తుంది? పవర్ పోతే అది తన సొంత మెమరీలో ఉన్నదే లోడ్ చేసుకుంటుంది. జెన్‌ఐక్యామ్ (ఇండస్ట్రీ కెమెరాలకు ఉమ్మడి ప్రమాణం) పద్ధతి కెమెరా అయితే ‘యూజర్ సెట్ కంట్రోల్’ అని, మన సెట్టింగ్స్‌ని కెమెరాలోనే దాచే ఒక విభాగం ఉంటుంది. ముందు క్యాప్చర్ ఆపు, నడుస్తుంటే చాలా కెమెరాలు సేవ్‌కి ఒప్పుకోవు. సెలెక్టర్‌లో యూజర్ సెట్ 1 ఎంచుకుని సేవ్ కొట్టు. అక్కడితో అయిపోలేదు, అందరూ మరిచేది ఇక్కడే: ‘యూజర్ సెట్ డిఫాల్ట్’ కూడా 1కి మార్చాలి. లేకపోతే సేవ్ చేసింది లోపల పడి ఉంటుంది, కెమెరా మాత్రం ఫ్యాక్టరీ సెట్‌తోనే లేస్తుంది.

జవాబు: నైట్ షిఫ్ట్ ఫోన్ బాధితుడు

పైన అన్న చెప్పింది నిజమే, కానీ నేను కెమెరా మెమరీ ఒక్కదాన్నే నమ్మను. కెమెరా కాలిపోయి రాత్రికి రాత్రి స్పేర్ బిగించారనుకోండి, అందులో మీ యూజర్ సెట్ ఉండదు కదా. ఆ ఫైలు పడేయొద్దు. సాఫ్ట్‌వేర్ స్టార్ట్ అయినప్పుడే కాదు, కెమెరా మళ్లీ కనెక్ట్ అయిన ప్రతిసారీ దాన్ని లోడ్ చేయించండి. నెట్‌వర్క్ కార్డులో జంబో ఫ్రేమ్ (ఒక్కో డేటా ప్యాకెట్ సైజు పెంచేది) 9000 పెట్టి ఉంటే ఒక కాగితం మీద రాసుకోండి. అది పీసీ సెట్టింగు, కెమెరా ఫైల్లోకి రాదు. లెన్స్ మీద ఫోకస్, వెలుతురు సరిచేసే రింగ్ కూడా అంతే, స్క్రూ బిగించి పెయింట్ మార్కర్‌తో గీత పెట్టండి. మా దగ్గర తుడిచేటప్పుడు రింగ్ తిప్పేశారు, సగం రోజు సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతికాను!

జీడిమెట్ల మెయింటెనెన్స్

భోజనం టైమ్‌లో లైన్ ఆపి సేవ్ చేశాను, డిఫాల్ట్ మార్చాను, ప్లగ్ పీకి పెట్టాను. ఎక్స్‌పోజర్ 800 వచ్చింది. ట్రిగర్ మాత్రం మళ్లీ ఆఫే!

విజన్ పాతకాపు

సేవ్ కొట్టే ముందు లైవ్ బొమ్మ చూడ్డానికి ట్రిగర్ ఆఫ్ చేశావా?

జీడిమెట్ల మెయింటెనెన్స్

చేశానన్నా. సీసా రాకపోతే బొమ్మ కదలట్లేదని ఆఫ్ చేసి, అలాగే సేవ్ కొట్టేశాను. ఇప్పుడు ఆన్ చేసి మళ్లీ సేవ్ చేశా. మూడుసార్లు ప్లగ్ పీకాను, మూడుసార్లూ సరిగ్గా లేచింది. కెమెరా సప్లైని కూడా యూపీఎస్ మీదకి మార్చమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను.