‘ముషిగషి’: కకారం గకారం ఎందుకయింది? దాన్ని కుడుము అనవచ్చునా?

ఇంట్లో ఆవిరి మీద చేసుకునే జపాను తీపి వంటకాల గురించి రాస్తూ మన సభ్యురాలొకరు వాటి పేరును ఒకచోట ‘ముషికషి’ అనీ, మరొకచోట ‘ముషిగషి’ అనీ రాశారు. ఏది సరైనదనీ, తెలుగులో వాటిని కుడుములు అనవచ్చునా అనీ అడిగారు.

సరైన రూపం ‘ముషిగషి’. ‘ముసు’ అంటే ఆవిరి మీద ఉడికించడం. సమాసంలో అది ‘ముషి’ అవుతుంది. ఒళ్ళంతా చెమట పట్టించే వాతావరణాన్ని ‘ముషిఅత్సుయి’ అనడంలోనూ ఉన్నది ఇదే క్రియ. ఉడికించడం, ఉడకపోత అనే మన మాటలను పక్కన పెట్టుకుంటే ఈ సంబంధం వేరే చెప్పనక్కరలేదు. ఇక ‘కషి’ అంటే ఇప్పుడు మిఠాయి గానీ, పూర్వం పండ్లనూ కాయలనూ అలా పిలిచేవారు.

‘కషి’ కాస్తా ‘గషి’ కావడం తెలుగువారికి కొత్తగా తోచకూడదు. కూర, కాయ కలిస్తే కూరగాయ అయినట్టే, తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్టే, అక్కడ ‘ఒరి’, ‘కమి’ కలిసి ఒరిగామి, ‘ఇకె’, ‘హన’ కలిసి ఇకెబానా అయ్యాయి. అయితే రెండు భాషల నియమం ఒకటే అనుకుంటే పొరపాటు. చిన్నయసూరి ద్వంద్వ సమాసంలో పరుషాలకు (క, చ, ట, త, పలకు) గసడదవలు వస్తాయని సూత్రీకరించగా, జపాను భాష సాధారణంగా ఆ ద్వంద్వంలోనే పరుషాన్ని మార్చకుండా ఉంచుతుంది: ‘యమకవ’ అంటే కొండలూ ఏరులూ, ‘యమగవ’ అంటే కొండ ఏరు. ఒక్క అక్షరంతో సమాసమే మారిపోయే ఈ తీరు నాకు ఎంతో అందంగా తోస్తుంది. రెండో పదంలో ముందే గ, జ, ద, బ వంటి ధ్వని ఉంటే ఈ మార్పు రాదని 1894లో లైమన్ అనే అమెరికన్ ప్రతిపాదించాడు. అందుకే కొండల్లో రేగే కార్చిచ్చు ‘యమకజి’యే గానీ ‘యమగజి’ కాదు.

ఇక కుడుము సంగతి. నిస్సందేహంగా అనవచ్చునని నా అభిప్రాయం. ఈ ముషిగషిల్లో ఒకటైన మంజూ చేసే పద్ధతి చూడండి. బెల్లానికి దగ్గరగా ఉండే నల్లచక్కెరను నీళ్ళలో కరిగించి, చల్లారాక వంటసోడా, ఆపైన మైదా వేసి, చపాతీ పిండిలా మర్దించకుండా చేతికి అంటీ అంటనట్టు కలపాలి. మర్దిస్తే పైపొర సాగుతుంది. ఉడికించి మెదిపిన అజుకి అనే చిన్న ఎర్ర గింజల తీపి ముద్దను అందులో పెట్టి మూసి, 10–12 నిమిషాలు ఆవిరి పట్టాలి. అజుకి దొరకనప్పుడు నేను బొబ్బర్లు వాడాను. రంగు వెలిసినట్టు వచ్చింది గానీ ముద్ద చక్కగా కుదిరింది. మూతకు గుడ్డ చుట్టడం మరిచిపోయిన రోజున మాత్రం నీటి చుక్కలు పడి, నున్నగా రావలసిన పైభాగమంతా మచ్చలు తేలింది. మనం కుండ మూతికి వాసెన కట్టి గుడ్డ మీద పిండిని ఉడికిస్తాం. వాళ్ళు గుడ్డను మూతకు చుడతారు. తేడా అంతే, ఇది పూర్ణం కుడుమే.

కుడుముకు బియ్యప్పిండి ఉండాలి కదా అని అభ్యంతరం రావచ్చు. మినప్పప్పుతోనే చేసే ఆవిరికుడుములో బియ్యం ఎక్కడిది? అది ఉండలా కాక పళ్ళెమంత వెడల్పున కూడా ఉంటుంది కనుక, అచ్చులో ఆవిరి పట్టి ముక్కలుగా కోసే ముషియోకన్‌కూ ఆ మాట చెల్లుతుంది.

విడివిడి పేర్లను మాత్రం అనువదించకుండా ఉంచడమే మేలు. ‘యోకన్’ అని రాసే అక్షరాలకు అర్థం గొర్రెమాంసపు పులుసు! చైనా నుంచి వచ్చిన ఆ వంటకాన్ని మాంసం ముట్టని బౌద్ధ భిక్షువులు అజుకితో, పిండితో ఆవిరి మీద చేసుకోగా, వంటకం మారినా పేరు నిలిచిపోయింది. మంజూ కథా అటువంటిదే: చైనాలో అప్పట్లో ‘మాన్‌తౌ’లో కూరే మాంసానికి బదులు, 1349లో అక్కడి నుంచి జపానులోని నారా నగరానికి వచ్చిన రిన్ జోయిన్ గింజల ముద్ద పెట్టాడని జపానులో చెప్పుకుంటారు. కాబట్టి శీర్షికలో ‘జపాను తీపి కుడుములు’ అని పెట్టి, లోపల మంజూ, ముషియోకన్, బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే ఉయిరో అని వాటి పేర్లతోనే రాయవలసిందిగా ఆ సభ్యురాలికి నా సూచన.