ఖాళీగా పడున్న పాత భవనాలు: కౌంటీ నిలబెట్టాలా, కూల్చేయాలా?

పాతబడి:
అమెరికా పల్లె కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఏళ్ల తరబడి నలుగుతున్న తగువు ఇది. జనం పట్నాలకు వెళ్లిపోయారు. పాత కోర్టుకు, బడికి, బ్యాంకుకు తాళాలు పడ్డాయి. బాగు చేయించే డబ్బు లేదు కాబట్టి కూల్చేద్దామని కౌంటీ నడిపే బోర్డులో ఎవరో ఒకరు అంటారు. నేను ఒప్పుకోను. బాగుచేత, కూల్చివేత అని రెండే దారులున్నట్టు మాట్లాడుతున్నాం. తడవకుండా, గాలి ఆడేలా మూసి ఉంచడం మూడో దారి. చారిత్రక కట్టడాల సంగతి కూడా చూసే ఫెడరల్ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ 1993లోనే దీనిమీద ఒక మార్గదర్శిని వేసింది. ముందు పైకప్పు చూడండి, తర్వాతే మిగతా వాదన.

లెక్కలమనిషి:
మీ బాధ అర్థమవుతుందండీ, కానీ ఆ మార్గదర్శినే చెబుతోంది, పూర్తి పద్ధతిలో మూసి ఉంచాలంటే ఓ మోస్తరు బాగుచేత ఖర్చులో 10 శాతమో అంతకన్నా ఎక్కువో అవుతుందని. అది కూడా ఎవరూ వాడని భవనానికి! అదే డబ్బు కోసం రోడ్లు, అంబులెన్సు ఎదురుచూస్తున్నాయి. చారిత్రక భవనం బాగుచేత ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ ఉంది కదా అంటారు. అది ఆదాయం తెచ్చే భవనాలకే. పన్నే కట్టని కౌంటీ నేరుగా దాన్ని వాడుకోలేదు. అద్దెలు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లో పెట్టుబడి పెట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు?

ఇంకో అపోహ కూడా తీరిపోవాలి. చారిత్రక స్థలాల ఫెడరల్ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరెక్కితే భవనం భద్రం అనుకుంటారు. 1966 చట్టంతో వచ్చిన ఆ జాబితా, ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో కూల్చుకుంటే ఆపలేదు. ఆపాలంటే స్థానిక చట్టం ఉండాలి.

గచ్చుపని:
నేను పాత ఇటుక కట్టడాల మీద పనిచేస్తాను. డబ్బు లేక పాడైనవి కొన్ని చూశాను, తప్పుడు పనికి డబ్బు పెట్టి పాడుచేసినవీ చూశాను. ఒక బడి గోడ ఇప్పటికీ కళ్లముందే ఉంది. వాననీళ్ల గొట్టం పైన ఆకులతో పూడుకుపోయి, ఆ మట్టిలో మొక్క మొలిచింది. నీళ్లన్నీ గోడమీదుగా దిగాయి. గోడ చెమ్మగిల్లిందని ఎవరో మంచి మనసుతోనే ఇటుకల మధ్య సందుల్లోని పాత సున్నం దర్జులు గీకేసి సిమెంటు కూరారు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. లోపలి తడి దర్జుల్లోంచి బయటికి పోయే దారి మూసుకుపోయి, ఇటుకలోనే నిలిచింది. చలికి ఆ నీరు గడ్డకట్టి ఉబ్బింది. చేత్తో తడిమితే ఇటుక ముఖం పెచ్చులుగా ఊడి నా అరచేతిలోకి వచ్చింది. సిమెంటు గీతలు మాత్రం గూడులా నిలబడి ఉన్నాయి.

లెక్కలమనిషి గారూ, ఆ గొట్టాన్ని ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేసి ఉంటే నాలాంటివాడి అవసరమే వచ్చేది కాదు. కిటికీలకు ప్లైవుడ్ బిగించేటప్పుడు కూడా గాలికి సందు ఉంచాలండీ. ఊపిరాడకుండా మూస్తే లోపల దూలాలు బూజుపట్టి పుచ్చిపోతాయి.

ఊరిపెద్ద:
డబ్బు గురించే మాట్లాడుతున్నారు, కట్టినవాళ్ల సంగతి కూడా చూడాలి. అమెరికా దక్షిణాది పల్లెల్లో 1912, 1932 మధ్య నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 రోజెన్‌వాల్డ్ బడులు లేచాయి. సియర్స్ కంపెనీ అధిపతి, దాత జూలియస్ రోజెన్‌వాల్డ్ కొంత ఇచ్చాడు. మిగతాదాంట్లో ప్రభుత్వ సొమ్ముతో పాటు ఆ ఊళ్లవాళ్లు పోగుచేసిన డబ్బు, ఇచ్చిన స్థలం, చేసిన చాకిరీ ఉన్నాయి. ఇప్పుడు మిగిలినవి కొన్నే. తమకు బడి లేనప్పుడు తామే కట్టుకున్న మనుషుల గుర్తు అది. దాన్ని 'ఉపయోగం లేని ఆస్తి' అని కాగితం మీద రాస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

లెక్కలమనిషి:
ఊరిపెద్ద గారి మాటకు నా దగ్గర జవాబు లేదండీ. అలాంటి బడిని కూల్చమని నేను చేయెత్తను. కానీ అన్నీ అలాంటివి కావు. పైకప్పు కూలిపోయి, పిల్లలు దూరి ఆడుకునే భవనం మీద పడితే బాధ్యత ఎవరిది? టెక్సాస్ 1999లో పాత కోర్టు భవనాల కోసం రాష్ట్రం తరఫునే ఒక పథకం పెట్టింది. అలాంటి అండ లేని చోట చిన్న కౌంటీ ఒక్కతే ఎన్నింటిని మోస్తుంది?

పాతబడి:
అన్నీ మోయలేదు, నిజమే. అందుకే ముందు కప్పు నిలిచి ఉన్నవాటి జాబితా ఒకటి వేయమంటున్నాను. ఒక్కొక్కదానికి ఒక మనిషిని పెట్టాలి, పెద్ద వాన పడ్డ ప్రతిసారీ అతను వెళ్లి చూసి రావాలి. మూసి ఉంచడానికి గడువు కూడా రాసుకుందాం, ఐదేళ్లు అనుకుందాం. ఆలోగా వాడకం దొరక్కపోతే మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం. కప్పు ఇప్పటికే పోయినవాటి విషయంలో మీతో వాదించను. కానీ కూల్చే ముందు ఫోటోలు, కొలతలు తీయించాలి, పాత ఇటుకలు, దూలాలు విడిగా దించాలి. చెత్తలో పోయకూడదు.

గచ్చుపని:
ఆ ఇటుకలు పక్కన పెట్టించండి. నిలబెట్టే గోడల్లో మార్చడానికి అదే కాలపు ఇటుక కావాలి, కొత్తది వాటికి కుదరదు.