సమస్య: శ్రాద్ధమే పెండ్లి యింటికి సంబరమ్ము

నిర్వాహకుడు: తేటగీతి పద్యం నాలుగో పాదాన్ని సమస్యగా ఇచ్చాను, అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలూ పూరించడం మీ వంతు. ఒక్క సూచన: దారి ‘నాంది’ అనే మాటలో ఉంది, అంటే పెండ్లికి ముందు పితృదేవతల దీవెన కోసం చేసే శుభశ్రాద్ధం. వేరే దారి దొరికితే ఇంకా సంతోషం.

పురోహితవాణి:
నంద యను ధాతువునఁ బుట్టె నాంది మాట
పితరు లానందముఖులయి పిలువ వత్తు
రంచు యవలతో సవ్యమై రహినిఁ జేయు
శ్రాద్ధమే పెండ్లి యింటికి సంబరమ్ము

నిర్వాహకుడు: పూరణ నేరుగా గుండెకాయను పట్టుకుంది. ఆబ్దికానికి (ఏటేటా పెట్టే తద్దినానికి) నువ్వులు, అపసవ్యం (జంధ్యం కుడి భుజం మీద). నాందికి యవలు, సవ్యం (జంధ్యం ఎప్పటిలా ఎడమ భుజం మీద). ‘యవలతో సవ్యమై’ అన్న రెండు మాటల్లో ఆ తేడా అంతా చెప్పేశారు. ధాతువు ‘నంద్’ కదా, ‘నంద’ అని అజంతం (అచ్చుతో ముగిసేది) చేస్తే వైయాకరణులు మూతి ముడుస్తారు. గణం (పాదంలో గురులఘువుల లెక్క) కోసం సర్దుకుందాం.

గోదారిగట్టు:
నాటకమ్మున కాదిలో నాంది వోలె
పెద్దలను మున్ను తలఁచక మనువదేల
మూడు తరముల దీవెన మూటఁ గట్టు
శ్రాద్ధమే పెండ్లి యింటికి సంబరమ్ము

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి) జారింది గోదారిగట్టు గారూ. ‘పె’కి ‘మ’ కుదరదు. ‘మనువదేల’ బదులు ‘పెండ్లి యేల’ అంటే గణాలూ యతీ రెండూ నిలుస్తాయి. ‘దీవెన మూటఁ గట్టు’ మాత్రం అసూయపడే మాట, తలంబ్రాల పక్కనే ఉన్నట్టుంది. నాటకపు పోలికా సరైనదే. నాటకం మొదట్లో 8 లేదా 12 పదాల నాంది (మంగళశ్లోకం) ఉండాలని భరతుడి నాట్యశాస్త్రం. అది అయ్యాకే ‘నాంద్యంతే సూత్రధారః’ అంటూ ప్రస్తావన మొదలవుతుంది. ‘నాందీప్రస్తావనలు’ అన్న జంట మాట అక్కడిదే.

గోదారిగట్టు: సరిచేశానండీ. మనువు మీద మోజుతో యతి వదిలేశాను. ఒక సందేహం: ‘అల్లర్లకు నాంది పలికారు’ అని పేపర్లో రాస్తారు, తప్పేనా?

నిర్వాహకుడు: వాడుక అంత దూరం వచ్చేసింది, ఆపలేం. నా మట్టుకు నేను రాయను. ఆనందం పుట్టిన మాటను కొట్లాటకు అంటగట్టడం నాలుకకు చేదు. అక్కడ ‘బీజం పడింది’ అంటే చాలు. ‘అంకురార్పణ’ కూడా వద్దు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు సాయంత్రం పాలికల్లో (మట్టి పాత్రల్లో) నవధాన్యాలు చల్లే తంతు అది, దాన్ని కుట్రలకు అరువివ్వడం ఎందుకు? ‘శ్రీకారం చుట్టారు’కు మాత్రం ఎవరూ కీడు తగిలించినట్టు నేను చూడలేదు. ‘శ్రీ’ కాపాడుతోందేమో!

చమత్కారి: నాది నాంది లేని దారి.
శ్రద్ధ యను పేరి యువతికిఁ జక్కనైన
వరుఁడు దొరికె ముహూర్తము వచ్చె నేఁడు
శ్రద్ధ కిది చెందునది గాన శాబ్దికులకు
శ్రాద్ధమే పెండ్లి యింటికి సంబరమ్ము

పురోహితవాణి: అయ్యా, తద్ధితంతో (శ్రద్ధకు చెందినది ‘శ్రాద్ధం’ అనే ప్రత్యయంతో) కొట్టారు! మొదటి పాదంలో ‘శ్ర’కు ‘జ’ సరసయతి (శ, జ లాంటి అక్షరాలకు చెల్లే యతి), లెక్క సరిపోయింది. ఆ పెండ్లిపిల్ల తల్లికి మాత్రం ఈ పద్యం చూపించకండి.

చమత్కారి: శుభలేఖలో వేయిద్దామనుకున్నానే!