అప్‌డేట్: దాల్చినచెక్క, వెనిలా వేసిన స్టౌట్ రుచి చూశాను

దాల్చినచెక్క, వెనిలా వేసిన తియ్యటి స్టౌట్ (నల్లటి, చిక్కటి బీర్) బాటిల్ దొరికింది, ఎంత చల్లగా తాగాలి, ఏ గ్లాసు వాడాలి అని అడిగాను కదా. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టమని ఎక్కువమంది అన్నారు. అలాగే చేశాను. కాకపోతే తేడా తెలియాలని తీసిన వెంటనే ఒక గుక్క తాగి చూశా. అప్పుడు బాగా వేయించిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చేదు, కొంచెం తీపి, అంతే. 12 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మొత్తం మారిపోయింది! ముందు వెనిలా వాసన, ఆ వెనకే డార్క్ చాక్లెట్, మింగాక గొంతులో దాల్చినచెక్క వెచ్చదనం. అంచు దగ్గర సన్నబడే గ్లాసు వాసనను బాగా పట్టి ఉంచింది.

తీపి ఎక్కడిదా అని చూస్తే లేబుల్ మీద లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) అని ఉంది. బీర్ ఈస్ట్‌కి దాన్ని పులియబెట్టడం చేతకాదు కాబట్టి తీపి, చిక్కదనం అలాగే మిగిలిపోతాయి. పాలు పడనివాళ్లు ఇది చూసుకోవాలి. ఆల్కహాల్ 10 శాతం, అయినా ఘాటు తెలియదు, అసలు ప్రమాదం అదే. సగం బాటిల్‌కే నాకు చాలనిపించి మిగతాది ఫ్రెండ్‌కి ఇచ్చేశా. జాజికాయ కూడా వేశామని లేబుల్ మీద రాశారు గానీ, నాకైతే ఎక్కడా తగల్లేదు.