‘అధిశేతే యథా భూమిం’: విషమజ్వర శ్లోకంలోని ఒక క్రియాపదం గురించి

మన సమూహంలో ఒక మిత్రులు చరకసంహితలోని ఈ శ్లోకాన్ని ఉంచి, మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో చేరి గడువు ప్రకారం జ్వరం తెప్పించడాన్నే ఇది చెబుతోందని అభిప్రాయపడ్డారు. ఆ మాట మీద చాలామంది స్పందించారు కానీ, శ్లోకంలోని క్రియాపదాన్ని ఎవరూ పరిశీలించలేదు కనుక నేను దాని దగ్గరే మొదలుపెడతాను.

అధిశేతే యథా భూమిం బీజం కాలే చ రోహతి
అధిశేతే తథా ధాతుం దోషః కాలే చ కుప్యతి

ఇది చికిత్సాస్థానం మూడవ అధ్యాయమైన జ్వరచికిత్సలో, విషమజ్వరాల (విడిచి మళ్లీ మళ్లీ వచ్చే జ్వరాల) ప్రస్తావనలో వస్తుంది. విత్తనం భూమిలో పడి ఉండి కాలం వచ్చినప్పుడు మొలకెత్తినట్లే, దోషం (వాత పిత్త కఫాలలో ఒకటి) ధాతువులో (రక్తమాంసాల వంటి శరీర భాగంలో) పడి ఉండి కాలం వచ్చినప్పుడు ప్రకోపిస్తుందని తాత్పర్యం. ‘భూమౌ’ (భూమిలో) అనకుండా ‘భూమిం’ (భూమిని) అన్నారేమిటని ఒకరు అడిగారు. ‘అధిశీఙ్స్థాసాం కర్మ’ అనే పాణిని సూత్రం ప్రకారం ‘అధి’ ఉపసర్గతో కూడిన శీఙ్, స్థా, ఆస్ అనే క్రియామూలాలకు (వ్యాకరణంలో వీటినీ ధాతువులనే అంటారు) ఆధారమైనది కర్మ అవుతుంది. అందువల్ల అక్కడ ద్వితీయా విభక్తి వచ్చింది. ‘ధాతుం’ కూడా అంతే. ఇక శీఙ్ ధాతువుకు, క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠం చెప్పిన అర్థం ‘స్వప్నే’, అంటే నిద్రించడం. ఈ అర్థాన్ని గుర్తుంచుకొని రక్తకణం లోపల జరిగేదాన్ని చూడాలి.

శ్లోకంలోని రెండవ క్రియ, ‘కాలే చ కుప్యతి’ అన్నది, మలేరియాకు ఆశ్చర్యం కలిగించేంతగా సరిపోతుందని నేను నిస్సందేహంగా ఒప్పుకుంటాను. అదే ప్రకరణంలో ‘దినం హిత్వా తృతీయకః’ అని ఉంది. మన ఇళ్లలో ‘రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరం’ అనే మాటలోని ‘రోజు విడిచి’ అన్నది ‘దినం హిత్వా’కు అచ్చమైన తెలుగు. ఇవాళ వచ్చిన జ్వరం రేపు విడిచి ఎల్లుండి వస్తే దాన్ని ‘మూడవది’ అని ఎందుకన్నారంటే, మొదటి రోజును కూడా లెక్కలో కలుపుకున్నారు కాబట్టి. ఇంట్లో ఎవరైనా పోతే పదో రోజును మనం లెక్కించేది కూడా పోయిన రోజుతో కలిపే కదా. లాటిన్ వైద్యులు ఇదే జ్వరాన్ని ‘తెర్షియానా’ అనడానికి కారణం కూడా ఈ లెక్కే. రెండు రోజులు విడిచి వచ్చేది చతుర్థకం.

ఈ గడువుకు కారణం 19వ శతాబ్దం చివరిలోనే తెలిసింది. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టాంటిన్‌లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు, జ్వరపీడితుల రక్తంలో కనబడే ముదురు రంగు రేణువులను గమనిస్తూ, వాటిని మోస్తున్న జీవిని గుర్తించాడు. కొన్నేళ్లకే ఇటలీలో గోల్జీ, రక్తకణాలు ఒక్కసారిగా పగిలి కొత్త తరం జీవులు బయటపడే వేళా, రోగికి వణుకు పుట్టే వేళా ఒకటేనని చూపించాడు. మలేరియా పరాన్నజీవులలో వైవాక్స్ అనే రకం ఒక్కో తరాన్ని సుమారు 48 గంటల్లో పూర్తిచేస్తుంది. మలేరియే అనే మరో రకానికి 72 గంటలు పడుతుంది. తృతీయకం, చతుర్థకం అనే పేర్లు ఈ రెండు గడువులతో చక్కగా కుదురుతాయి.

కుదరనిది ‘అధిశేతే’. రక్తకణంలోకి ప్రవేశించే పరాన్నజీవి రూపాన్ని మెరోజోయిట్ అంటారు; దాని పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. కణం వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. అది ముందు కణానికి ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. తరువాత తన మొన కణం వైపు వచ్చేలా తిరిగి, ఆ మొనలోని చిన్న సంచులలో దాచుకున్న ప్రోటీన్లను విడుదల చేసి, తనకూ కణం పొరకూ మధ్య ఉంగరం వంటి గట్టి కూడలిని ఏర్పరచుకుంటుంది. ఆపైన మన కండరాలలో ఉండే రకానికి చెందిన తన సొంత ప్రోటీన్ల బలంతో ఆ ఉంగరం గుండా లోపలికి జారుతుంది. ఇదంతా ఒక నిమిషం లోపే ముగుస్తుంది. ప్రవేశించేటప్పుడు అది కణం పొరను చింపదు. పొర లోపలికి ముడుచుకొని దాని చుట్టూ ఒక సంచిగా మారుతుంది. అందుచేత పరాన్నజీవి కణం లోపల ఉన్నా, ఆ కణద్రవ్యానికి నేరుగా తగలకుండా ఈ సంచిలోనే బతుకుతుంది.

అలా చేరిన తరువాత అది నిద్రించదు. హిమోగ్లోబిన్‌ను మింగి జీర్ణం చేసుకుంటూ పెరుగుతుంది. ఆ జీర్ణక్రియలో మిగిలే హీమ్ దానికే విషం కనుక, దాన్ని కరగని స్ఫటికాలుగా మార్చి ఒకచోట పేరుస్తుంది. లావెరాన్ చూసిన ముదురు రేణువులు ఇవే. క్లోరోక్విన్ అనే మందు ఈ స్ఫటికీకరణను అడ్డుకొని, మిగిలిన హీమ్‌తోనే దాన్ని చంపుతుంది. ఫాల్సిపారం రకమైతే తాను తయారుచేసిన ప్రోటీన్లను కణం పొర పైకి పంపి, అక్కడ బొడిపెలు లేపి, ఆ కణం చిన్న రక్తనాళాల గోడలకు అంటుకొనేలా చేస్తుంది. దానివల్ల ప్లీహంలో వడపోతకు గురికాకుండా తప్పించుకుంటుంది. మెదడు రక్తనాళాలలో ఇలా జరిగితే ప్రాణాపాయం కలుగుతుంది. ఇంత పని చేసేదాన్ని ‘శయనించింది’ అనడం నాకు సమ్మతం కాదు.

అయితే ఆ క్రియ మలేరియాలో మరొకచోట అక్షరాలా సరిపోతుంది. దోమకాటుతో వచ్చిన వైవాక్స్ రూపాలలో కొన్ని కాలేయ కణాలలో చేరి, ఎదుగుదల ఆపి, వారాలు, నెలలు కదలక ఉండిపోతాయి. తరువాత ఎప్పుడో మేల్కొని మళ్లీ రక్తంలోకి వచ్చి జ్వరం తెప్పిస్తాయి. వీటికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘హిప్నోజోయిట్’ అనే పేరులో నిద్ర అనే అర్థమున్న గ్రీకు పదం ఉంది. రక్తంలోని వాటిని చంపే మందులు వీటిని తాకవు కనుకనే వైద్యులు ప్రైమాక్విన్ అనే మందు కూడా ఇస్తారు.

అంతమాత్రాన చరకుడికి పరాన్నజీవి తెలుసని అనుకోవడం గ్రంథానికి అన్యాయం చేయడమే అవుతుంది. ఆ ప్రకరణం విషమజ్వరాలన్నిటికీ రక్తమే స్థానమని చెప్పలేదు; వేర్వేరు జ్వరాలకు వేర్వేరు ధాతువులను చెప్పింది. ఆయన రోగి మంచం పక్కన కూర్చొని జ్వరం వచ్చే వేళనూ విడిచే వేళనూ శ్రద్ధగా చూశాడు. జ్వరం లేని రోజున కూడా దాని కారణం ఒంట్లోనే ఉందని ఊహించగలగడం చిన్న విషయం కాదు.

తెలుగులో ఈ శ్లోకానికి ‘పొంచి ఉండి’ అని ఒకరు, ‘దాగి ఉండి’ అని మరొకరు సూచించారు. పొంచి ఉండటానికి ఉద్దేశం కావాలి, దాగి ఉండటానికి భయం కావాలి. విత్తనానికి రెండూ లేవు. ‘కాలే’ అన్నదానికి ‘అదను’ కన్నా మంచి మాట నాకు తోచలేదు. ‘భూమిలో విత్తనం పడి ఉండి అదను రాగానే మొలకెత్తినట్లు, ధాతువులో దోషం పడి ఉండి అదను రాగానే ప్రకోపిస్తుంది’ అన్నది నా అనువాదం.

చివరిగా, ప్రతిదినమూ వచ్చే అన్యేద్యుష్కానికి ఏ పరాన్నజీవి కారణమని ఒక సోదరి అడిగారు. ఆగ్నేయాసియాలో కోతుల నుంచి మనుషులకు సోకే నోలెసీ రకానికి 24 గంటల గడువు ఉంది కానీ, మన దగ్గర ఆ జ్వరాన్ని వివరించడానికి దాని అవసరం లేదు. ఒకే రోగిలో వైవాక్స్ తరాలు రెండు ఒక రోజు తేడాతో పెరుగుతుంటే, ఒకటి ఇవాళ, మరొకటి రేపు కణాలను పగలగొట్టి బయటపడతాయి. అప్పుడు రెండు తృతీయకాలు కలిసి రోజూ వచ్చే జ్వరంగా కనిపిస్తాయి.